ఉస్తాద్ ఇంట్లో పులిహోర గిన్నె

2068 ఫిబ్రవరి 9. కమాండోలకు శిక్షణిచ్చి రిటైరైన ఉస్తాద్ సింహాద్రి ఆ సాయంత్రం పులిహోర తిని, మిగిలింది గిన్నెలో ఉంచి, కావాలనే కునుకు తీశాడు.

ఏనాటి యుద్ధంలోనో ఆకలేసిన కమాండోలు శత్రువు వంటింట్లోంచి గిన్నె ఎత్తుకొచ్చారట. అప్పట్నుంచీ ఉస్తాద్ ఇంట్లో గిన్నె కొట్టేస్తేనే శిష్యులకు కమాండోల ఎర్రటోపీ. కానీ ఇళ్లకు మాటలొచ్చాక అది ఎవరి వల్లా కాలేదు. గడప తొక్కగానే ఇల్లు, "దొంగొచ్చాడు ఉస్తాద్! చెప్పులైనా విప్పలేదు!" అని అరిచేది. ఈసారి వంతు వచ్చిన శిష్యురాలు నూకరత్నం కూడా ఓడితే ఈ ఆచారాన్నే ఎత్తేస్తామన్నారు పైవాళ్లు.

మెలకువ వచ్చేసరికి గిన్నె లేదు.

"ఎవరొచ్చారే?"

"ఎవరూ రాలేదు," అంది ఇల్లు. అబద్ధమాడటం కొత్త కదా, అంతలోనే ఉండబట్టలేకపోయింది. "వచ్చినమ్మాయి నా కిటికీలు తుడిచింది. 'అక్కా, కాసేపు అరవకే' అంది. ఇన్నాళ్లలో నన్నెవరైనా అక్కా అన్నారా?"

ఎక్కడికెళ్లినా ముందు అక్కడివాళ్లతో చుట్టరికం కలుపుకోమని శిష్యులకు నేర్పింది తనే. సింహాద్రి పొట్ట పట్టుకుని నవ్వాడు.

వాకిట్లో నూకరత్నం వేళ్లు నాకుతోంది. "ఉప్పు తగ్గింది ఉస్తాద్!"

"నోర్ముయ్. ఇదిగో, టోపీ పెట్టుకో."

ఆమె గంతులేస్తూ వెళ్లింది. రోజూ ఇల్లే మూసుకునే తలుపును ఆ రాత్రికి సింహాద్రే చప్పుడు కాకుండా వేశాడు. "అలిసిపోయావు, పడుకోవే," అన్నాడు ఇంటితో.