ఏడో ఇల్లు

ఆ రోజు ఇంట్లో తండ్రి, కొడుకు, కోడలు, మంచం మీద తల్లి ఉన్నారు. గోడ మీది ఫోటోని కూడా కలుపుకుంటే ఐదుగురు.

ఆ ఫోటో ఎప్పటిదో పాత పేపర్లోంచి కత్తిరించింది. రొమ్ము క్యాన్సర్‌కి కొత్త మందు కనిపెట్టిన డాక్టరమ్మది. నల్లటి జుట్టు, పెద్ద కళ్ళు.

తల్లి రోజూ నిద్ర లేవగానే ఆ ఫోటో వైపు తిరిగి, "నువ్వే దిక్కు తల్లీ" అనేది.

రేపే ఆ మందు మొదలు. దానికోసం ఆపరేషన్ వద్దని ఇంట్లోవాళ్ళే ఆస్పత్రిలో చెప్పేశారు.

ఎవరో తలుపు కొట్టారు.

కొడుకు తీశాడు. గుమ్మంలో ఒకావిడ. నెరిసిన జుట్టు, దళసరి కళ్ళద్దాలు, చంకలో ఫైలు. కింది పెదవి చిట్లి ఉంది.

"రేపు ఆ మందు వేయించకండి" అంది ఆమె. "ఆపరేషన్ చేయించండి. ఇంకా టైముంది."

కొడుకు మెకానిక్. చేతిలో స్పానర్ అలాగే ఉంది. "ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు బాబూ. బండి బాగుచేశాక ఒక్కసారి స్టార్టయితే ఇచ్చేస్తావా?"

"నాలుగుసార్లు కొట్టి చూస్తా. అయితే?"

"ఈ మందుని మళ్ళీ పదకొండుసార్లు పరీక్షించి చూశాం. ఒక్కసారీ పనిచెయ్యలేదు. మొదట్లో పనిచేసింది రొమ్ము క్యాన్సర్ కణాల మీద కాదు, వేరే వాటి మీద. కణాలున్న సీసాకి తప్పు చీటీ అంటించారు."

"ఆస్పత్రివాళ్ళకి తెలీదా?"

"చెప్పాను. వినలేదు. అందుకే ఇల్లిల్లూ తిరుగుతున్నా. మీది ఏడో ఇల్లు."

కోడలు కిసుక్కుమంది. "ఆ మూతి ఎన్నో ఇంట్లో పగిలిందో?"

"ఐదో ఇంట్లో అమ్మా."

"ఇంతకీ తప్పు చీటీ అంటించిందెవరు?" తండ్రి గద్దించాడు.

ఆమె చూపు గోడ మీది ఫోటో దగ్గర ఆగింది.

"ఆవిణ్ణే అంటావా!" తండ్రి ఫైలు లాక్కుని నేలకేసి కొట్టాడు. కాగితాలు మంచం కిందిదాకా ఎగిరాయి.

కొడుకు ఆమె చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆమె తల గుమ్మానికి కొట్టుకుంది. కళ్ళద్దాలు ఊడి పడితే చెప్పుకాలితో తొక్కేశాడు.

"ఆపరేషన్ తేదీ పోనివ్వకు బాబూ..."

ఆమె ద్వారబంధం పట్టుకుంది. ఆ వేళ్ళ మీద స్పానర్ పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

కొడుకు ఆమెని మెట్ల మీదకి తోసేశాడు.

ఆ గొడవకి తల్లి మంచం దిగింది. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ గుమ్మం దాకా వచ్చింది.

మెట్ల మీద పడిన మనిషి తలెత్తింది. జుట్టు నెరిసింది, ముక్కులోంచి రక్తం కారుతోంది. కానీ ఇప్పుడు ఆ కళ్ళకి అద్దాలు అడ్డం లేవు.

తల్లి ఆ ముఖాన్ని చూసింది. వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది. మళ్ళీ ఆ ముఖాన్ని చూసింది.

"నువ్వా తల్లీ!"

"దాన్ని పట్టుకుని తల్లీ అంటావేంటమ్మా" అంటూ కొడుకు ఫోటోలోని మనిషి ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టాడు.