పెట్రోల్‌లో నీళ్లు

"మళ్లీ తయారయ్యాడు," అనుకున్నాడు మెకానిక్.

పెద్దాయన భుజం మీది చిన్న నీళ్ల పంపును షాపు ముందు దించాడు. అదే పంపు, ఇది మూడోసారి.

"స్టార్ట్ కావట్లేదు బాబూ."

మెకానిక్ ట్యాంకులోంచి కొంచెం పెట్రోల్ సీసాలోకి వంపాడు. అడుగున నీళ్లు తేటగా విడిపోయాయి. పోయినసారీ ఇదే రోగం, అంతకు ముందూ ఇదే.

వానల్లేవు. ట్యాంకుకి చిల్లు లేదు. చేత్తో పోస్తే తప్ప ఇన్ని నీళ్లు రావు. బుద్ధున్నవాడెవడైనా సొంత ఇంజన్ని పాడుచేసుకుంటాడా? చేసుకున్నాడంటే పని ఇంజన్‌తో కాదన్నమాట.

పైగా పెద్దాయన చూపెప్పుడూ షాపు వెనక ఇంటి గుమ్మం మీదే. మొన్న మెకానిక్ భార్య గుమ్మంలోకి రాగానే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయాడు. సందు చివరింట్లో దొంగలు కూడా ఇలాగే ఏదో వంకతో వచ్చి, అంతా చూసుకుని వెళ్లాకే బీరువా ఊడ్చేశారట. తన ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండేది నెలలు నిండిన మనిషి.

"ఎక్కడుంటారు మీరు?"

"దూరమే."

"అక్కడ మెకానిక్కులు లేరా?"

"ఉన్నారు. నీ పని బాగుంటుందని..."

మెకానిక్ ప్లగ్గు తుడుస్తూ ఓరకంట చూశాడు. పెద్దాయన గుమ్మం వైపు మెడ సాచి, గొంతు తగ్గించాడు.

"ఇవాళ ఇంట్లో ఎవరూ లేరా?"

స్పానర్ విసిరికొట్టి లేచాడు మెకానిక్.

"లేకపోతే ఏం చేద్దామని? నీళ్లు నువ్వే పోసి తెస్తున్నావని నాకు తెలీదనుకున్నావా?"

పెద్దాయన మొహం పాలిపోయింది.

"అది కాదు బాబూ, నేను..."

"నోర్ముయ్! ఇంకోసారి ఈ సందులో కనిపిస్తే కాళ్లు విరగ్గొడతా!"

మెడ పట్టి రోడ్డు మీదికి గెంటాడు. చుట్టూ చేరినవాళ్లు తలో మాటా అన్నారు. పెద్దాయన కిందపడ్డ తువ్వాలు తీసుకుని, పంపును అక్కడే వదిలేసి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

పీడ వదిలిందని మెకానిక్ ఊపిరి పీల్చుకున్నాడు.

కాసేపటికి భార్య ఆస్పత్రి నుంచి వచ్చింది. పంపు దగ్గర ఆగిపోయింది. మెల్లగా వంగి, స్టార్టర్ తాడుకున్న చెక్క పిడిని నిమిరింది.

"చిన్నప్పుడు దీని పిడి విరగ్గొట్టింది నేనే. పాత తెడ్డు కోసి ఈ చెక్క పెట్టారు," అంది. పెళ్లయ్యాక ఆమె మొహంలో అంత వెలుగు అతనెప్పుడూ చూడలేదు.

"మన పెళ్లికి గడప దాటనని భీష్మించుకున్న మనిషి కదా... ఏరీ, మా నాన్నని భోజనం పెట్టకుండా పంపెయ్యలేదు కదా?"