విత్తే పదును

ఈరక్క వంగి ట్రాకు మీద గుప్పెడు మట్టి తీసింది. పిసికి ఉండ చేసి నడుమెత్తు నుంచి వదిలింది. ఉండ రెండు చెక్కలైంది. చేనికైతే అది విత్తే పదును. బైకు పందేనికైతే మెత్తటి టైరు వేసే పదును.

"మెత్తటివే ఎక్కించన్నా," అంది మెకానిక్ మాబుతో.

మాబు ఆఖరి బోల్టు బిగించాడో లేదో, కింద మట్టిలోంచి ఒక తియ్యటి గొంతు అడిగింది.

"ఏ టైరు వేస్తున్నావమ్మా?"

చెప్పకపోతే గేటు తెరుచుకోదు. చెప్పింది. ఎవరూ తేలిగ్గా గెలవకూడదని, చెప్పిన టైరుకు పొసగనట్టు అడుగున వేసిన పైపులతో తడి మార్చుకునే నేల అది. ఆమె పందెం మొదలయ్యే గీత దగ్గరికి చేరేసరికే మట్టి ఎండి గరుకు తేలింది. ఐదు చుట్లలో టైర్లను నమిలేసింది. ఈ నెలలో ఇది నాలుగో జత. గెలిచిన రోజు కూడా గెలుపంతా టైర్ల కొట్టుకే పోతోంది.

"చాలన్నా. ఇంక చేను చేసుకుంటా," అని హెల్మెట్ తీసి మాబు చేతికిచ్చింది.

"పో తల్లీ. మొన్న ఈ ట్రాకోళ్లే నీ చేనికి ఊరికే పైపులు వేసి పోయినారు కదా. నీళ్లకు కొదవ లేదు."

సాయంత్రం చేలో చెప్పులు విడిచి నిలబడింది. ఏమీ అడగని నేల పాదాలకు చల్లగా తగిలింది. వంగి ఉండ చేసి వదిలింది. రెండు చెక్కలైంది. పదునే. నవ్వుకుంటూ సంచి విప్పి గుప్పెడు వేరుశనగ విత్తనాలు తీసింది.

"ఏ విత్తనం వేస్తున్నావమ్మా?" అని చేను తియ్యగా అడిగింది.