చలి కాచుకునే రాళ్లు

వ్యాను దారిలోనే మొరాయించింది. పాలు పితికే యంత్రాలు బాగుచేసే గ్వెనోలే, రెండు గంటలు దుమ్ములో నడిచి ఫ్రాన్సు సముద్రతీరంలోని ఆ బ్రెటన్ పల్లె చేరేసరికి పునీత యోహాను పండగ మంట సగం కాలిపోయింది. మంట చుట్టూ రాళ్లు వేసి ఉన్నాయి. ఊరంతా నిలబడే పాడుతోంది. అతని కాళ్లు మాత్రం ఇక మావల్ల కాదన్నాయి. దగ్గరున్న రాయి మీద కూలబడ్డాడు.

పాట ఆగిపోయింది.

"అయ్యో, సముద్రంలో పోయినవాళ్లు వచ్చి చలి కాచుకోడానికి వేసిన రాళ్లండీ అవి," అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన.

గ్వెనోలే లేవబోయాడు. అప్పటికే ఒక ముసలమ్మ వచ్చి పక్కనే నేలమీద చతికిలబడింది.

"ఏమయ్యా, ఈ ఏడు ఇంత ఆలస్యం చేశావే?" అంది అతనితో.

"కాసేపు కూర్చోండి బాబూ," ముసలాయన అతని చెవిలో గొణిగాడు. "మా సోయిజిక్ మొగుడు పడవతో సహా పోయి పన్నెండేళ్లు. ఇన్నాళ్లూ ఉత్త రాయితోనే మాట్లాడుకుంది పిచ్చిది."

సరే, తన సొమ్మేం పోయింది? లేచే ఓపిక కూడా లేదు. కానీ మంట ఎదురుగానే ఉన్నా ఒంటికి వెచ్చదనం తగలడం లేదు.

"నీ బూట్లు ఇంకా ఆరనేలేదా?" అంది సోయిజిక్.

వంగి చూసుకున్నాడు. నెల రోజులుగా చినుకు పడని ఆ నేల మీద, అతని బూట్ల చుట్టూ నీళ్లు మడుగు కట్టాయి.

నేను మీ ఆయన్ని కాదమ్మా అని చెబుదామని నోరు తెరిచాడు.

మాటకు బదులు ఉప్పునీళ్లు వచ్చాయి.