తమ్ముణ్ణి లేపకు

జెస్సికా కళ్లు తెరిచేసరికి తమ్ముడు పక్కమీద లేడు. గుమ్మంలో లింగమూర్తి తాత వాణ్ణి శాలువాలో చుట్టి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"పండుకున్నడు. లేపకు. నడువు బిడ్డా, దవాఖానకు పోదాం."

నానక్‌రామ్‌గూడలో వాళ్లకు గది కిరాయికిచ్చిన పెద్దాయన లింగమూర్తి. తల్లి సుగుణ మాదాపూర్‌లో ఆఫీసు ఊడవడానికి వెళ్లి బంద్‌లో చిక్కుకుపోయింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. ఆ పొద్దున ఆటోలు కూడా లేవు.

నాలుగు రోజులుగా పిల్లలిద్దరికీ జ్వరమే. పద్నాలుగేళ్ల జెస్సికా తన సంగతి పట్టించుకోలేదు. తమ్ముడు డేవిడ్‌ను వదిలి అడుగు కదపనని రాత్రే తాతతో చెప్పేసింది.

అద్దాల మేడల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. ఎండ మండుతున్నా ఆమెకు వణుకు ఆగడం లేదు.

"నేను మెల్లగా వస్తానండి. మీరు తమ్ముణ్ణి తీసుకుని పరుగెత్తండి."

"నీతోనే నడుస్త."

"పోనీ కాసేపు నాకివ్వండి."

"వద్దు."

గచ్చిబౌలి దగ్గర టైర్లు కాలుతున్నాయి. కుర్రాళ్లు అడ్డం వచ్చారు.

"ఏ ఊరు మీది?"

జెస్సికా నోరు విప్పబోయింది. ఆమె కోస్తా యాస వినిపించకముందే తాత అందుకున్నాడు. "నా మనుమరాలు. జరమొచ్చింది. జర తొవ్వ ఇయ్యిండ్రి."

వాళ్లు చప్పున పక్కకు తప్పుకున్నారు. ఒకడు నీళ్ల సీసాతో డేవిడ్ వైపు వంగాడు. తాత భుజం అటు తిప్పేశాడు. "పిల్లకు తాపు."

"బాబును నాకియ్యి తాతా, ఉరుక్కుంట పోయి దవాఖానల దించొస్త" అన్నాడు వాడు.

"నేనే మోస్త."

ఆస్పత్రిలో మంచానికి ఇద్దరేసి పిల్లలు. "ఈ నెలంతా ఇదే జ్వరం. పోయినేడు ఇందులో సగం మంది కూడా రాలేదు" అంటూ నర్సు జెస్సికా చెయ్యి పట్టుకుని చూసి, గబగబా పడుకోబెట్టి సూది గుచ్చింది.

"నాక్కాదండీ, ముందు తమ్ముణ్ణి చూడండి!"

నర్సు తెర లాగింది. అవతల ఎవరో తాతను ఏదో అడిగారు. ఆయన గొంతు చాలా నెమ్మదిగా వినిపించింది.

"చిన్నోడు తెల్లారకముందే పోయిండు డాక్టరమ్మా, చెప్తే ఈ పిల్ల ఇంట్ల నుంచి కదలదని ఎత్తుకొచ్చిన."