అరిగిన బ్రేకు ముక్క

షోరూములో సర్వీసు సలహాదారు అరిగిపోయిన బ్రేకు ప్యాడు నా చేతిలో పెట్టాడు. "మీ కారుదే అయ్యగారూ. ఇవాళే మార్చకపోతే మీ మనవల ప్రాణాలకే ముప్పు."

గది అద్దంలోంచి షెడ్డులోకి చూశాను. నా కారుకి ఒక్క చక్రమూ విప్పలేదు. ఇందాక నాకు ముందొచ్చిన టీచరమ్మకి చూపించిందీ మూల విరిగిన ఈ ముక్కే!

ముక్కని బల్ల మీద పడేశాను. "అబద్ధ సాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞ చెవిన పడలేదట్రా, వేషధారీ? విప్పి చూడకుండానే అరిగిందని భయపెడతావా?"

వాడు సిగ్గుపడకపోగా నవ్వాడు. "చర్చిలో మీ ప్రసంగాలకి వెనక వరసలో కూర్చుని నేర్చుకున్నదే అయ్యగారూ. ఎవరి గుండె విప్పి చూసి అందరికీ ఒకే నరకం చూపిస్తున్నారు?"

తాళాలు లాక్కుని బయటపడ్డాను. దారి పొడవునా బ్రేకు చక్కగానే పట్టింది.

ఆదివారం వేదికెక్కి 'నరకం' అనబోయాను. చేతిలో మూల విరిగిన ఆ ముక్కే ఉన్నట్టనిపించింది.