వరద సీనులో పట్టుకున్న చెయ్యి

తెర మీద ఆనకట్ట తెగింది. ఊరు ఊరంతా కొట్టుకుపోతుంటే, నలుపు తెలుపు హీరో ఇంటికప్పు మీంచి వంగి హీరోయిన్ చెయ్యి అందుకున్నాడు. అదే అదనుగా లోహిత్ కావ్యశ్రీ చెయ్యి పట్టుకున్నాడు.

"కావ్యశ్రీ, నువ్వేనా?" అని వెనక సీట్లోంచి వినబడింది.

రామమోహనరావు గారు. కెనడాలోని విన్నిపెగ్‌లో ఆమె ఉంటున్న బేస్‌మెంట్ ఆయనదే. పెళ్ళికాని ఆడపిల్లలకు తప్ప గది ఇవ్వరు. వేలాదిగా స్టూడెంట్లు వచ్చిపడుతున్న రోజులు, ఇది పోతే ఇంకో గది దొరకదు. అందుకే మొన్న సెలవుల్లో పెళ్ళి చేసుకొచ్చిన కావ్యశ్రీ తాళి స్వెట్టర్ లోపల, మెట్టెలు ఊలు సాక్సుల్లో దాచుకుని తిరుగుతోంది. లోహిత్ ఊరికి ఆ చివర ఐదుగురు కుర్రాళ్ళతో ఉంటున్నాడు. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చోవాలంటే, ఆదివారాలు లైబ్రరీ వాళ్ళు ఊరికే వేసే ఈ పాత సినిమాలే గతి. ఆ చీకట్లో ఒక పాప్‌కార్న్ పొట్లంతో చేసే కాపురం వాళ్ళకు మహా బాగుండేది.

ఆయన ఇద్దర్నీ బయటికి పిలిచారు. ఈ అబ్బాయెవరని అడిగారు. క్లాస్‌మేట్ అంది. క్లాస్‌మేట్లు చేతులు పట్టుకుంటారా అన్నారు. వరద సీను కదా అంకుల్, భయమేసింది అంది. భయమేసింది నీకా, అతనికా అన్నారు. ఇద్దరికీ అన్నాడు లోహిత్.

"మీ వాళ్ళు నన్ను నమ్మి నిన్ను మా ఇంట్లో ఉంచారమ్మా. నాన్నగారికి చెప్పకపోతే తప్పు నాదవుతుంది," అంటూ ఆయన వీడియో కాల్ కలిపారు.

కావ్యశ్రీ లోహిత్‌ని పక్కకు జరగమని సైగ చేసింది. పెళ్ళి సంగతి ఇక్కడ దాచినట్టు నాన్నకు తెలియదు. లోహిత్ కనబడగానే 'బాగున్నారా అల్లుడుగారూ' అంటాడు. ఆ ఒక్క మాటతో సామాన్లు మంచులో ఉంటాయి.

నోట్లో బ్రష్‌తో ఆమె తండ్రి జనార్ధనరావు ప్రత్యక్షమయ్యాడు.

"పెళ్ళికావలసిన మీ పిల్ల చీకట్లో ఈ కుర్రాడి చెయ్యి పట్టుకుని సినిమా చూస్తోందండీ. ఇతన్ని మీరెప్పుడైనా చూశారా?" అంటూ రామమోహనరావు గారు ఫోన్ తిప్పారు.

జనార్ధనరావు చూశాడు. పీటల మీద తాను కాళ్ళు కడిగిన కుర్రాణ్ణి చూశాడు. పక్కనే, ఏడవడానికి సిద్ధంగా ఉన్న కూతుర్ని చూశాడు. తీరిగ్గా వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చాడు.

"ఎప్పుడూ చూళ్ళేదండీ," అన్నాడు. "కానీ బుద్ధిమంతుడిలా ఉన్నాడు. మీరే పెద్దమనిషిగా ఊరూ పేరూ కనుక్కుని, ఈ సంబంధం కాస్త కుదిర్చిపెడుదురూ."